నాలుగో నంబరు

ఓస్త్రవాలో, మూతపడ్డ బీరు కార్ఖానా నేలమాళిగలో
మా షూటింగ్ రేంజి.
గోడలకి ఇంకా పులిసిన వాసన.
గంటకి మూడు వందల క్రౌన్లు, తూటాలు అదనం,
చెవిమూతలు ఉచితం.

నా పని ఇవ్వడం, తీసుకోవడం,
రాత్రి నేల ఊడ్చి ఇత్తడి డొప్పలు బకెట్లో పొయ్యడం.
జీతంలో లేని పని ఇంకోటుంది:
తప్పెవరిదో తేల్చడం.

అద్దె పిస్తోళ్ళలో నాలుగో నంబరు మొరాయించేది.
రెండు బాగా పేలేది.
మూడోదానికి ఖాళీ డొప్ప బయటికెగరక
స్లైడు నోట్లో నిలువునా ఇరుక్కుని
మా ఊరి పాత గని పొగగొట్టంలా నిలబడేది.
పొగ కూడా వచ్చేది, కాసింత.

వరుసలో ఎవరో చెయ్యెత్తుతారు.
నేను వెళ్తాను.
మ్యాగజైను తీసి, స్లైడు వెనక్కి లాగి,
డొప్ప కింద రాలగానే
రోజూ చెప్పే మాటే చెప్తాను:
"మణికట్టు సడలింది. గట్టిగా పట్టుకోవాలి."
రిజిస్టరులో 'లోపం' అన్న గడిలోనూ అదే:
మణికట్టు.

ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని
నేనెంతమందిని చూళ్ళేదు!
పెళ్ళికి ముందురోజు తాగొచ్చిన పెళ్ళికొడుకు,
అద్దాలు తుడుచుకుంటూ తుపాకీని తిట్టిన పళ్ళ డాక్టరు,
అందరూ మణికట్టే.

పదిహేనేళ్ళ మాతౌష్ వచ్చాడు ఒకసారి,
వాళ్ళ నాన్నతో. వెల్డరు, హోరిమీర్ అని.
మూడోసారి ఇరుక్కున్నప్పుడు నేను నా మాట అన్నాను.
తండ్రి నవ్వాడు, వరుసంతా వినపడేలా:
"చేతిలో ఎముకుందా, వెన్నముద్దా?"
వాడు తన కుడిచేతి కేసి చూసుకున్నాడు,
ఎవరిదో మోసుకొచ్చినట్టు.
మిగిలిన తూటాలు లెక్కపెట్టి నాకు తిరిగిచ్చేశాడు.
పద్నాలుగు.

ఆ తర్వాత చలికాలంలో ద్రహొమీరా వచ్చింది.
ముప్పయ్యొక్కేళ్ళు రొట్టెల పిండి పిసికిన మనిషి.
మూడోది ఇరుక్కుంది.
నేను నోరు తెరిచేలోపే చెయ్యి చాపింది.
"పట్టుకో. పట్టుకుని చెప్పు, ఇది సడలే రకమా?"
పట్టుకున్నాను. తలుపు గడియ.
"అయితే నువ్వు కాల్చు."

కాల్చాను.
ఒకటి.
రెండు.
పొగగొట్టం.

ఆవిడ ఏమీ అనలేదు.
చేతికంటిన పిండి దులుపుకున్నట్టు
అరచేతులు రెండూ దులుపుకుంది. అంతే.

ఆ రాత్రి విప్పాను.
లోపలి స్ప్రింగు తీసి కొత్తదాని పక్కన పెడితే
మూడు చుట్ల మేర పొట్టి.
ఎన్ని చేతులు దాన్ని నొక్కాయో,
నూనె వేసిందెవరో, ఎప్పుడో,
అందరిదీ అయిన వస్తువు ఎవరిదీ కాదు కదా.
ఎన్ని వేల తూటాలు కాల్చిందో రాసే గడి
మా రిజిస్టరులో లేనే లేదు.
మనుషుల తప్పుకి మాత్రం గడి ఉంది.
కొత్త స్ప్రింగు ఖరీదు
మూడు గ్లాసుల బీరు.

కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడు.
వాయించి చూడనివాడు నేను.

వెనక్కి పేజీలు తిప్పి లెక్కపెట్టాను.
అరవయ్యొక్క మణికట్లు.
అన్నీ నా దస్తూరీ, అన్నీ నీలం సిరా,
ఒక్కదాని మీదా సందేహపు చుక్క లేదు.

ఇప్పుడది వందకి వంద పేలుతోంది.
ద్రహొమీరా గురువారం గురువారం వస్తుంది,
నాలుగే అడుగుతుంది.
కాగితం దగ్గరికి లాక్కుని చూసుకుని,
చిల్లులన్నీ ఎడమ పక్క కిందికి జారిపోతే,
"హమ్మయ్య, ఇవన్నీ నావే" అంటుంది.

పాత స్ప్రింగు నా చొక్కా జేబులో ఉంది.
మాతౌష్ మళ్ళీ రాలేదు.
రిజిస్టరులో ఫోను నంబరుంది.
తండ్రిది.
చేస్తే ఎత్తేది, ఆ రోజు నవ్విన మనిషే.